గరిడేపల్లి గోల్‌కీపర్

ఉమారాణి మొదటిసారి ఫుట్‌బాల్‌ను చేతుల్లోకి తీసుకునే నాటికి ఆమెకు ఇరవై అయిదేళ్లు నిండాయి. కూతురు అక్షిత అంగన్‌వాడీకి పోతోంది. ఆ బంతి కూడా ఆమె ఇష్టపడి పట్టుకున్నది కాదు. కోదాడలో ఆమె పీఈటీగా పనిచేసే ప్రైవేటు స్కూలుకు ఆ ఏడాది ఇన్‌స్పెక్షన్ రాబోతోంది. ఆటల పేరు మీద నాలుగు ఫొటోలు చూపించాలి కాబట్టి కరస్పాండెంట్ విజయవాడ పోయినప్పుడు ఆరు ఫుట్‌బాళ్లు, పిల్లలకు పచ్చ బనియన్లు కొనుక్కొచ్చాడు.

"ఆడపిల్లల టీం ఒకటి తయారు చెయ్యమ్మా. పదకొండు మంది ఉంటే చాలు. నువ్వు వాలీబాల్ ఆడావుగా, అదీ బంతే, ఇదీ బంతే," అన్నాడాయన.

ఆమె వాలీబాల్ ఆడిన మాట నిజమే. తుంగతుర్తి దగ్గరి పల్లె నుంచి గురుకుల హాస్టల్‌కు వచ్చి చదువుకున్నన్నాళ్లూ ఆడింది. నెట్ దగ్గర నిలబడి, అవతలివాళ్లు కొట్టే బంతిని ఎగిరి అడ్డుకోవడం ఆమె వంతు. ఇరవయ్యో ఏట గరిడేపల్లి నాగేందర్‌తో పెళ్లయ్యాక ఆట ఆగిపోయింది. నాగేందర్ వరికోత మిషన్ నడుపుతాడు. ఇంట్లో అత్త కాటమ్మ, రెండెకరాల పొలం, రెండు బర్రెలు. పీఈటీ ఉద్యోగం దొరికినప్పుడు అందరూ సంతోషించారు. రోజూ హుజూర్‌నగర్ మీదుగా బస్సు మారి కోదాడ పోయి రావడం ఆమెకు కష్టమనిపించలేదు.

ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసిందల్లా చేత్తో ముట్టకూడదని. ఫోనులో వీడియోలు చూసి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. పది మంది దొరికారు గానీ గోల్ ముందు నిలబడడానికి ఒక్క పిల్లా ముందుకు రాలేదు. బంతి ముఖానికి తగులుతుందని భయం. సరే, ఎవరో ఒకరు నేర్చుకునేదాకా తనే నిలబడదామని ఉమారాణి చెప్పులు విడిచి, చున్నీ నడుముకు కట్టుకుని రెండు రాళ్ల మధ్య నిలబడింది. తొమ్మిదో తరగతి పిల్ల బలంగా తన్నిన బంతి కుడివైపు పైకి వచ్చింది. ఆమె ఆలోచించలేదు. ఎగిరింది, పట్టుకుంది. పట్టుకుని కిందికి దిగాక, పెళ్లయిన ఇన్నేళ్లలో తాను ఎన్నడూ గాలిలోకి ఎగరలేదని గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, ఫొటోలు దిగారు. ఉమారాణి మాత్రం గోల్ ముందు నుంచి పక్కకు జరగలేదు.

మూడు నెలల తర్వాత ఆ స్కూల్లో అంతర్ పాఠశాలల పోటీలు పెట్టారు. రిఫరీగా సూర్యాపేట నుంచి జనార్దన్ సార్ వచ్చాడు. ప్రభుత్వ స్కూల్లో పీఈటీగా రిటైరై, సూర్యాపేట గ్రౌండ్‌లో పొద్దున పూట పిల్లలకు ఉచితంగా ఫుట్‌బాల్ నేర్పే మనిషి. మ్యాచ్‌కు ముందు ఉమారాణి తన పిల్లలకు బంతి పట్టడం చూపిస్తుంటే ఆయన విజిల్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఎన్నేండ్ల సంది ఆడుతున్నవమ్మా?"

"మూడు నెలలైతుంది సార్."

"మరి గా ఎగురుడు ఎక్కడ నేర్చినవ్?"

"వాలీబాల్‌ల సార్, హాస్టల్ల ఉన్నప్పుడు."

"ఆదివారం ఆదివారం సూర్యాపేటకు రా. నీకు పడుడు నేర్పిస్త. ఎగురుడు వస్తది గని, నీకు పడుడు రాదు."

ఇంట్లో స్కూలు స్పెషల్ క్లాసులని చెప్పి ఆమె ఆదివారాలు సూర్యాపేట పోవడం మొదలుపెట్టింది. అబద్ధం చెప్పాలని ముందే అనుకోలేదు. మొదటి ఆదివారం నోటికి అదే వచ్చింది, ఆ తర్వాత దిద్దుకునే సమయం దొరకలేదు. గ్రౌండ్‌లో అందరూ కాలేజీ మగపిల్లలు. మొదట రెండు వారాలు ఆమెకు తగలకుండా మెల్లగా తన్నేవాళ్లు. జనార్దన్ సార్ వాళ్లను తిట్టాడు. మూడో వారం నుంచి ఎవరూ మెల్లగా తన్నలేదు. గట్టి నేల మీద పడీ పడీ మోచేతులు కమిలిపోయాయి, తుంటి మీద అరచేతంత నల్ల మచ్చ లేచింది.

ఆ మచ్చే ఆమెను పట్టించింది. ఒకనాడు సాయంత్రం ఉమారాణి స్నానం చేసి చీర కట్టుకుంటుంటే కాటమ్మ చూసింది. కోడలిని ఏమీ అడగలేదు. నాగేందర్ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగి, చేతిలో తెడ్డుతోనే వాకిట్లోకి పోయింది.

"పిల్లను ఎందుకు కొడ్తున్నవ్‌రా?"

"ఎవ్వల్నమ్మా?"

"ఉమను. మోచేతులు రెండూ కమిలిపోయినయ్. తుంటి మీద నల్లగైంది. మీ నాయిన ముప్పై ఏండ్లు కాపురం జేసిండు, ఒక్కనాడు నా మీద చెయ్యెత్తలే. నువ్వు ఎవ్వల్ని జూసి నేర్చినవ్?"

నాగేందర్ తల్లిని చూశాడు, తెడ్డును చూశాడు, గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశాడు. అతను నోరు తెరిచేలోపు ఉమారాణి ముందుకొచ్చి ఉన్నదంతా చెప్పేసింది. ఫుట్‌బాల్ సంగతి, సూర్యాపేట సంగతి, స్పెషల్ క్లాసులు లేవన్న సంగతి.

కాటమ్మ అక్కడే అరుగు మీద కూర్చుంది. "దెబ్బలు తినుడుకు పైసలిస్తరా ఏంది?"

"ఇయ్యరు అత్తమ్మా."

"మరెందుకు పోతున్నవ్?"

"మంచిగనిపిస్తది," అంది ఉమారాణి. 

కాటమ్మ ఆ రాత్రి ఉప్పు వేయించి మూటగట్టి కోడలి తుంటికి కాపడం పెట్టింది. నాగేందర్ మూడో రోజు, "నన్నడిగితే వద్దంటుంటినా? అబద్ధమెందుకు జెప్పినవ్?" అన్నాడు. వద్దనే అనేవాడని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె తప్పు ఒప్పుకుంది. ఆదివారాలు ఆగలేదు.

అట్లా ఏడాదిన్నర గడిచాక కరోనా వచ్చి స్కూలు మూతపడింది. సూర్యాపేట గ్రౌండ్‌కు తాళం వేశారు. యాసంగి కోతలు అయిపోయి మిషన్ షెడ్డులోకి చేరాక నాగేందర్‌కూ పని లేకపోయింది. వడ్లు ఎండబోసే కల్లం ఖాళీగా ఉంది. ఉమారాణి పొద్దున లేచి కల్లం పక్కన గోడకు బంతి విసిరి, తిరిగి వచ్చినదాన్ని పట్టుకునేది. నాలుగు రోజులు అది చూసి నాగేందర్ వచ్చి, "గోడ ఎంతసేపని కొడ్తది? నేను తన్నుత, పట్టు," అన్నాడు.

అతను తన్నిన మొదటి బంతి బర్రెల కొట్టంలో పడింది. రెండోది చెట్ల మీదుగా పోయి బోరు బావి దగ్గర తేలింది. పది రోజులకు గురి కుదిరింది. నెల దాటేసరికి అతను కుడి పక్కకు చూస్తూ ఎడమకు తన్నడం నేర్చాడు. ఎక్కడ తన్నితే ఆమె పట్టలేదో వెతకడం అతనికి ఒక పనిగా మారింది. పట్టలేని చోట్లు రోజురోజుకూ తగ్గిపోతుండడం అందరికంటే ముందు గమనించింది అతనే. కాని ఆ మాట ఆమెతో అనలేదు. "ఎడమ దిక్కు కిందికి పోవుడు ఆలస్యమైతుంది, సూసుకో," అని మాత్రం అనేవాడు.

మళ్లీ మ్యాచ్‌లు మొదలయ్యాక, 2021 డిసెంబరులో, మిర్యాలగూడలో మహిళల టోర్నమెంట్ పెట్టారు. నలుగురైదుగురు మిల్లు యజమానులు కలిసి పెట్టిన పోటీ. గ్రౌండ్‌కు ఒక పక్క మిల్లులు, ఉప్పుడు బియ్యం వాసన, గాలి వీస్తే ఊక వచ్చి కళ్లల్లో పడేది. జనార్దన్ సార్ సూర్యాపేట నుంచి ఒక జట్టును తీసుకుపోయాడు. డిగ్రీ పిల్లలు తొమ్మిది మంది, ఇద్దరు టీచర్లు. రెండో మ్యాచ్‌లో వాళ్లకు ఎదురుపడింది హైదరాబాద్ క్లబ్ జట్టు. అందులో దేశమంతా తిరిగి లీగ్ ఆడేవాళ్లు నలుగురున్నారు.

ఏడు గోల్స్ పడ్డాయి. సూర్యాపేట వాళ్లు ఒక్కసారి కూడా బంతిని అవతలి గోల్ దగ్గరికి తీసుకుపోలేకపోయారు. తొంభై నిమిషాలూ మ్యాచ్ అంతా ఉమారాణి ముందే జరిగింది. చివరికి ఆమె చేతి తొడుగులు చిరిగిపోయి, పెదవి చిట్లి, నోట్లో ఊక, మట్టి కలిసి ఉన్నాయి. ఓడిపోయినందుకు తల వంచుకుని బ్యాగు సర్దుకుంటుంటే హైదరాబాద్ జట్టు కోచ్ మనీషా వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. పొట్టి జుట్టు, నలభై దాటిన వయసు.

"ఏడు పడ్డయని పరేషాన్ గాకు. ఇరవై పడాల్సింది. నేను లెక్కబెట్టిన," అంది. "ఉమర్ ఎంత నీది?"

"ఇరవై ఎనిమిది మేడం."

మనీషా ఆమె చిరిగిన తొడుగుల వంక చూసి అంది. "ఆ వయసుకు మా దగ్గర సగం మంది ఆట బంద్ జేస్తరు. కాని గోల్‌కీపర్లది వేరే లెక్క. వచ్చే నెల ట్రయల్స్ ఉన్నయి. రా."

ట్రయల్స్‌లో ఆమె చేతులు అందరికీ నచ్చాయి, కాళ్లు ఎవరికీ నచ్చలేదు. పైనుంచి వచ్చే బంతి ఏదైనా ఆమెదే. కాలితో పాస్ ఇవ్వమంటే మాత్రం బంతి ఎటు పోతుందో ఆమెకే తెలియదు. చివరికి తీసుకుందామనే అనుకున్నారు. కాగితాలు చూసే మనిషి ఆమెను పక్కకు పిలిచాడు.

"వయసు ఎక్కువుందమ్మా. ఇరవై రెండని రాసుకుందాం. సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంట."

ఉమారాణి ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. వేళ్ల మీద లెక్క వేసింది. "నాకు ఏడేండ్ల బిడ్డ ఉన్నది సార్. మీరు ఇరవై రెండని రాస్తే నేను పదిహేనేండ్లకు కన్నట్టయితది. మా ఆయనను జైల్ల పెడ్తరు."

అతను నవ్వి, ఉన్న వయసే రాసుకున్నాడు. జట్టులో మూడో గోల్‌కీపర్ జాగా, అయిదు నెలల కాంట్రాక్టు, హైదరాబాద్‌లో ఉండడానికి గది, తిండి.

ఇంటికొచ్చి ఆ కాగితం ముందు పెట్టినప్పుడు నాగేందర్ దాన్ని రెండుసార్లు చదివాడు. "అయిదు నెలలా?"

"అయిదు నెలలే."

"పిల్లనిడ్సి పెట్టి ఎట్ల పోతవ్? ఊర్ల ఏమనుకుంటరు?"

"నువ్వు కోతలకు కరీంనగర్ దిక్కు పోతే నెలన్నర రావు. మళ్ల వానకాలం కోతలకు ఇంకో నెల. పిల్లనిడ్సి పెట్టి పోయినవని ఊర్ల నిన్ను ఎవరన్న అడిగిన్రా?"

నాగేందర్ లేచి బయటికి పోయి, మిషన్ బ్లేడ్లకు గ్రీజు పెట్టుకుంటూ చాలాసేపు షెడ్డులోనే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి కాటమ్మ అన్నం వడ్డించి పెట్టింది.

"పిల్లను నేను సూస్తగని," అంది కోడలితో, "అయిదంటే అయిదే. ఆరో నెల నాతోని గాదు."

హైదరాబాద్ గదిలో ఆమెతో పాటు ఉండే పిల్ల పేరు లహరి. రెండో గోల్‌కీపర్, పందొమ్మిదేళ్లు. ఎనిమిదేళ్ల వయసు నుంచి అకాడమీల్లో పెరిగిన పిల్ల కాబట్టి కాళ్లతో బంతిని కుట్టుపనిలా ఆడించేది. రోజూ ప్రాక్టీసు అయిపోయాక అరగంట ఉమారాణికి పాస్‌లు నేర్పింది. "అక్కా, కాలి బొటనవేలితో గాదు, లోపలి పక్కతో," అని వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. కేరళ, మణిపూర్ నుంచి వచ్చిన పిల్లలతో మాట్లాడడానికి ఉమారాణికి హిందీ సరిగా రాదు, ఇంగ్లీషు అసలే రాదు. గోల్‌కీపర్ అరవాల్సిన మాటలు ఆరో ఏడో ఉంటాయి. వాటినే నేర్చుకుని, బర్రెలను అదిలించి అదిలించి అలవాటైన గొంతుతో అరిచేది. అరుపులో మాత్రం జట్టులో ఆమెను మించినవాళ్లు లేరు.

ఆ సీజన్‌లో ఆమె ఒక్క నిమిషం కూడా ఆడలేదు. బంతుల సంచులు మోసింది, వార్మప్‌లో మిగతా ఇద్దరికీ బంతులు తన్నింది, బెంచీ మీద కూర్చుంది. మూడో నెలలో అక్షితకు డెంగీ వచ్చింది. కోదాడ దవాఖానలో నాలుగు రోజులు ఉంచారు. ఉమారాణికి ఆ సంగతి పిల్ల ఇంటికొచ్చిన తర్వాత తెలిసింది.

"నాకెందుకు జెప్పలే?" అని ఫోనులో అడిగింది.

"జెప్తే ఏం జేస్తుంటివి? అన్నీ ఇడ్సి పెట్టి వస్తుంటివి," అన్నాడు నాగేందర్. "అమ్మ జెప్పొద్దన్నది. పిల్లకు మంచిగనే ఉన్నది, జావ తాగుతుంది. మాట్లాడు."

అక్షిత ఫోను తీసుకుని దవాఖానలో పక్క మంచం మీది పిల్లకు బొమ్మ ఉందని, తనకూ అట్లాంటిదే కావాలని చెప్పింది. అమ్మ రాలేదేమని అడగలేదు. అడగకపోవడమే ఉమారాణికి ఎక్కువ బాధైంది. స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని ప్రాక్టీసుకు పోయింది.

ఊరికి తిరిగొచ్చాక ఎదురైన వాళ్లంతా ఒకటే ప్రశ్న, టీవీలో ఎప్పుడొస్తవని. "ఇంకా రాలే," అని చెప్పేది. మళ్లీ స్కూలుకు పోయింది. నవంబరులో మనీషా ఫోను చేసి, మళ్లీ వస్తావా అని అడిగితే, ఉమారాణి ముందు కాటమ్మ ముఖం చూసింది. కాటమ్మ పిల్లకు జడ వేస్తూ, "పో. ఈసారన్న ఆడిపియ్యమను," అంది.

రెండో ఏడు నాలుగో మ్యాచ్‌లో మొదటి గోల్‌కీపర్ వేలు విరిగింది. లహరి పరీక్షలకు ఊరు పోయింది. అట్లా ముప్పయ్యో ఏట ఉమారాణి మొదటిసారి జాతీయ లీగ్ మ్యాచ్‌లో గోల్ ముందు నిలబడింది, బెంగళూరులో. తొమ్మిదో నిమిషంలో దూరం నుంచి నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి, స్కూలు పిల్లలు కూడా ఆపగలిగేది, ఆమె రెండు కాళ్ల మధ్య నుంచి గోల్‌లోకి పోయింది. గ్రౌండ్‌లో అవతలి జట్టు వాళ్లు గోల్ పడ్డందుకు కూడా గంతులు వేయలేదు, ఆశ్చర్యపోయి నిలబడ్డారు. ఉమారాణికి భూమిలోకి పోవాలనిపించింది. కాని ఇంకా ఎనభై ఒక్క నిమిషాలు ఉన్నాయి, పోవడానికి చోటు లేదు. బంతిని తీసి మధ్యకు విసిరింది.

ఆ మ్యాచ్ ఒకటి సున్నాతో ఓడిపోయారు. రాత్రి నాగేందర్ ఫోను చేశాడు. ఫోనులో మ్యాచ్ మొత్తం చూశాడట.

"ఆ గోల్ నీ తప్పే," అన్నాడు.

"తెల్సు."

"తర్వాత ఆరు ఆపినవ్. అండ్ల రెండు నేనైతే ఆగుతయనుకోలే."

 ఇద్దరూ వెంటనే ఫోను పెట్టేయలేదు.

తర్వాతి మ్యాచ్‌లో కూడా మనీషా ఆమెనే ఆడించింది. ఆ తర్వాతి దాంట్లోనూ. వేలు బాగై తిరిగొచ్చిన గోల్‌కీపర్ బెంచీ మీద కూర్చుంది. పరీక్షలు రాసి తిరిగొచ్చిన లహరి రెండు రోజులు ప్రాక్టీసు కాగానే గదికి పోయి, మూడో రోజు తనే వచ్చి పాస్‌లు నేర్పడానికి నిలబడింది. సీజన్ అయిపోయేసరికి ఉమారాణి తొమ్మిది మ్యాచ్‌లు ఆడింది. వాటిలో అయిదింటిలో ఒక్క గోల్ కూడా పడలేదు. గోవా క్లబ్ ఒకటి పిలిచింది, పై లీగ్‌లో ఆడే జట్టు. ఇక స్కూలు ఉద్యోగం వదిలేసింది. కరస్పాండెంట్ పాపం శాలువా కప్పి, ఫొటో తీయించి స్కూలు గేటు మీద ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద ఆమెకు ఫుట్‌బాల్ నేర్పింది తమ స్కూలేనని రాసి ఉంది. అది అబద్ధం కాదని ఉమారాణి అనుకుంది.

గోవాలో గడిపిన ఆ ఏడాదే ఆమె ఆటకు మంచి ఏడాది. ముప్పై ఒక్కేళ్లు. సీజన్ మొత్తం ఆమే ఆడింది. ఆ ఏడే హైదరాబాద్‌లో ఒక మ్యాచ్ పడితే నాగేందర్ తల్లినీ కూతురినీ కారు కిరాయికి మాట్లాడి తీసుకొచ్చాడు. పోటీ ముందు ఏడాది గెలిచిన జట్టుతో. మధ్యాహ్నం నుంచి వాన. బంతి సబ్బుబిళ్లలా జారుతోంది. పట్టుకోబోతే జారుతుందని తెలిసి ఉమారాణి ఆ రోజు పట్టుకోవడం మానేసి, వాలీబాల్‌లో లాగా రెండు పిడికిళ్లు కలిపి కొట్టడం మొదలుపెట్టింది. కార్నర్ నుంచి వచ్చిన ప్రతి బంతికీ గుంపులోకి దూరి, అందరి తలల మీదుగా లేచి, దూరంగా కొట్టింది. చివరి పదిహేను నిమిషాలు అవతలివాళ్లు విరామం లేకుండా మీద పడ్డారు. ఒకసారి తల పక్కన ఎవరిదో మోచేయి తగిలి కళ్లు చీకట్లు కమ్మాయి. లేచి నిలబడింది. సున్నా సున్నాతో ముగిసింది. ఆ జట్టు ఆ ఏడాది గోల్ కొట్టలేకపోయింది ఆ ఒక్క మ్యాచ్‌లోనే.

కాటమ్మ గొడుగు పట్టుకుని మెట్ల మీద కూర్చుని అంతా చూసింది. తడిసి ముద్దై వచ్చిన కోడలికి తన కొంగు ఇచ్చి తుడుచుకోమంది.

"అందరు ఉరుకుతున్నరు, నువ్వొక్కదానివే ఒక్క కాడ నిలబడ్డవ్. గీ పనికేనా గింత దూరమొచ్చింది?" అని, కాస్త ఆగి, "గని వాళ్లను రానియ్యలే నువ్వు," అంది.

అక్షిత మాత్రం వాన ఎప్పుడు తగ్గుతుందని నాలుగుసార్లు అడిగింది. ఆ పిల్లకు ఆటల మీద ధ్యాస లేదు. బొమ్మలు గీస్తుంది.

ఆ మ్యాచ్ అయిన రెండు నెలలకు జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి పిలిచిన ముప్పై అయిదు మంది పేర్లలో ఉమారాణి పేరు వచ్చింది. సూర్యాపేట పేపర్లలో జిల్లా పేజీ మీద ఫొటో వేశారు. జనార్దన్ సార్ ఆ పేజీ పట్టుకుని గరిడేపల్లి దాకా వచ్చి, కాటమ్మ చేతి చాయ్ తాగి పోయాడు. శిబిరంలో పన్నెండు రోజులు ఉంది. పదమూడో రోజు మిగిలిన ఇరవై మూడు మందిలో ఆమె లేదు. అక్కడి కోచ్ మంచివాడే. ఆమెను కూర్చోబెట్టుకుని, చేతుల్లో ఏ లోపమూ లేదని, ఇప్పటి ఆటకు కాళ్లు కూడా కావాలని, ఆ వయసులో కాళ్లకు కొత్తగా నేర్పడం కష్టమని విడమరచి చెప్పాడు. పక్కనున్నాయన తెలుగులోకి మార్చి చెప్పాడు. చివర్లో, "పదేళ్ల ముందు వచ్చి ఉంటే నిన్ను వదిలేవాణ్ని కాదు," అన్నాడు.

రైల్లో తిరిగొస్తూ ఉమారాణి ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించింది. పదేళ్ల ముందు తనకు ఇరవై ఒకటి. అక్షిత కడుపులో ఉంది. వచ్చి ఉంటే అంటాడు గానీ ఎక్కడికి రావాలి? తుంగతుర్తి హాస్టల్‌లో ఒక్క ఫుట్‌బాల్ లేదు. గరిడేపల్లిలో ఇప్పటికీ లేదు, తమ ఇంట్లో ఉన్నవి తప్ప. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడని తెలుసు. అయినా ఖమ్మం దాటేదాకా ఆమెకు కోపం తగ్గలేదు. తర్వాత ఆకలేసి పులిహోర పొట్లం కొనుక్కుని తింది.

నాలుగో ఏడు హైదరాబాద్ క్లబ్‌కే తిరిగి వచ్చింది. ఇంటికి దగ్గరని. సీజన్ మొదట్లోనే భుజం జారింది. డాక్టరు ఆరు వారాలు కదపొద్దన్నాడు. ఆ ఆరు వారాల్లో లహరి ఆడింది, బాగా ఆడింది. భుజం బాగయ్యాక మనీషా ఉమారాణిని పిలిచి దాపరికం లేకుండా చెప్పింది. "లహరిని తియ్యలేను. నీకు తెల్సు గద."

"తెల్సు మేడం. నేనైతే నేను గూడ తియ్యను."

చివరి మ్యాచ్‌లో మనీషా ఆమెను రెండో సగం ఆడించింది. ఒక పనిదినం మధ్యాహ్నం. జనం నలభై మంది కూడా లేరు. అప్పటికే ఫలితంతో పని లేని మ్యాచ్, ఒకటి ఒకటితో ముగిసింది. అదే తన చివరి మ్యాచ్ అని ఉమారాణికి తెలియదు. తెలిస్తే చేతి తొడుగులన్నా దాచుకునేది. బాగా చిరిగిపోయాయని అక్కడే చెత్తబుట్టలో వేసి వచ్చింది.

వర్షాకాలంలో ఆమె నాటు దగ్గర ఉండగా జట్టు వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. వచ్చే సీజన్ నుంచి మహిళల జట్టును నడపడం లేదని యాజమాన్యం పెట్టిన నాలుగు వాక్యాలు. కింద ఒకరి తర్వాత ఒకరు ఏడుపు బొమ్మలు పెట్టారు. ఉమారాణి చేతుల బురద గట్టు మీది నీళ్లలో కడుక్కుని, సందేశాన్ని ఇంకోసారి చదివి, ఫోను కొంగున కట్టుకుని మళ్లీ మడిలోకి దిగింది. కూలీలు నలుగురే ఉన్నారు. సాయంత్రానికి ఆ మడి అయిపోవాలి.

రాత్రి భోజనాలప్పుడు చెప్పింది. నాగేందర్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"ఇగ పోవా?" అంది కాటమ్మ.

"పిలుస్తలేరు అత్తమ్మా."

"వేరేటోళ్లను అడుగు."

"ముప్పై రెండు దాటినయ్. భుజం జారింది. ఎవరు దీసుకుంటరు?"

"ఆ గోవా అయ్యలకన్న ఫోన్ జెయ్యి," అన్నాడు నాగేందర్.

చేసింది. వాళ్లు మర్యాదగా మాట్లాడి, చిన్న వయసు పిల్లల కోసం చూస్తున్నామన్నారు. ఒడిశా క్లబ్ ఒకటి, మూడో గోల్‌కీపర్‌గా వస్తావా, అయిదు నెలలు, అని అడిగింది. ఆమె రెండు రోజులు సమయం తీసుకుంది. బంతుల సంచులు మోయడానికి నామోషీ లేదు. కాని అక్షిత పదకొండో ఏట పడింది. మొన్న తాను ఇంట్లో లేని రోజుల్లో ఆ పిల్ల పెద్దమనిషైంది, ఫంక్షన్ తన కోసం ఆపారు గానీ, ఆ మొదటి రోజు పిల్ల ఏం అడిగిందో, ఎంత భయపడిందో కాటమ్మకే తెలుసు. ఉమారాణి ఒడిశా వాళ్లకు రానని చెప్పింది. చెప్పాక ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. ఆకలి మాత్రం నాలుగు రోజులు వేయలేదు.

అయిదో రోజు జనార్దన్ సార్ ఫోను చేశాడు. సూర్యాపేటలో ఆడపిల్లల కోసం ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం పెడుతున్నారని, కోచ్ ఉద్యోగం ఔట్‌సోర్సింగ్‌లో ఉందని, దరఖాస్తుకు ఆ రోజే ఆఖరని చెప్పాడు. ఆమె సర్టిఫికెట్ల కవరు పట్టుకుని సూర్యాపేట బస్సెక్కింది. ఆఫీసులో గుమస్తా కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు అడిగాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, చదువు.

"ఇంతకు ముందు ఉద్యోగం?"

"స్కూల్ల పీఈటీ, అయిదేండ్లు."

"అది 2023 దాక ఉన్నది. తర్వాత?"

"ఫుట్‌బాల్ ఆడిన."

"ఆట గాదమ్మా, ఉద్యోగం అడుగుతున్న."

ఉమారాణి కవరులోంచి కాంట్రాక్టు కాగితాలు నాలుగూ తీసి అతని ముందు పరిచింది. అతను ఒక్కొక్కటీ చూశాడు. ముద్రలు చూశాడు, జీతం రాసిన చోట ఆగాడు, చివరి కాగితం మీద ఫొటోను చూసి ఆమె ముఖం వంక చూశాడు.

"ఇట్ల గూడ ఉంటదా?" అన్నాడు.

"ఉంటది," అంది ఉమారాణి.

అతను కుర్చీ ముందుకు జరుపుకుని, ఉద్యోగం అన్న చోట ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అని ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ టైపు చేశాడు. ప్రింటు తీసి సంతకం పెట్టించుకుని, ఒక కాపీ ఆమె చేతికిచ్చి, ఫలితం పది రోజుల్లో ఫోనుకు వస్తుందని చెప్పాడు. ఆమె బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. గ్రౌండ్ అక్కడికి నడిచిపోయేంత దూరమే. జనార్దన్ సార్ అక్కడే ఎదురుచూస్తానన్నాడు కాబట్టి, ఆయనకు కాగితం చూపించి పోదామని అటు నడిచింది.